చెప్పులేసుకుంటే చేతులు తిమ్మిరెక్కవు

పక్క సీటావిడ ఫోనులో సీరియల్ మొదలయ్యేసరికి ఆమె చూపు అటే అతుక్కుపోయింది. ఆ సీరియలే. ఇంట్లో అత్తగారు చూసేదీ అదే, ఈ వేళకే, టీవీ ముందుకు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, చెవులు సరిగ్గా వినపడవు కనుక గొంతు ఆఖరికంటా పెంచి. అది అయిపోగానే టీవీ కట్టేస్తుంది. మోకాళ్ళ మీద చేతులానించి లేస్తుంది. దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుంటుంది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గీజరు స్విచ్చి వేసి, కుళాయి తిప్పుతుంది. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచీ ఒక్కరోజు కూడా ఆ వరస తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు, చుట్టాలు వచ్చినా తప్పలేదు. ఇవాళ తప్పాలి. ఇవాళ ఒక్కరోజు తప్పితే చాలు, జన్మలో ఇంకేమీ అడగను, అనుకుంటూ ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. బస్సు కదలడం లేదు. ముందు లారీ, లారీ ముందు ఇంకో లారీ, వాటి ముందు ఎవడో రోడ్డు తవ్వి పైపులు పరిచాడు. నీళ్ళ పైపులు. ఎక్కడ చూసినా నీళ్ళే ఇవాళ.

మళ్ళీ ఫోను చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఎత్తరని తెలుసు. ఆ ఫోను ఫ్రిజ్ మీద ఛార్జింగులో పడి ఉంటుంది, సీరియల్లో వాళ్ళ ఏడుపుల మధ్య దాని మోత దోమ రొదతో సమానం. అయినా చేస్తూనే ఉంది. చేతికి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఆ చెయ్యి తనంతట తను కుళాయి వైపు వెళ్ళే ఇంకో చేతిని గుర్తు చేస్తుంది, ముడతలు పడిన చెయ్యి, వేళ్ళ కణుపులు లావెక్కిన చెయ్యి, తడి చెయ్యి. వద్దు. అది తలుచుకోకూడదు. సీరియల్ చూడు. అందులో ఒక కోడలు మూసిన తలుపు ముందు నిలబడి గడియ మీదికి చెయ్యి చాపుతోంది. వారం నుంచీ చాపుతూనే ఉంది. "ఇవాళైనా తీస్తుందంటావా?" అని పొద్దున అత్తగారు అడిగింది, తను చీపురు పట్టుకుని హడావిడిలో ఉండి, "తీస్తుందిలెండి అత్తయ్యా" అని ఊరికే అనేసింది. తియ్యాలి. తలుపు తీస్తే లోపల ఎవరున్నారో చూసేదాకా అత్తగారు లేవదు. తియ్యకపోతే చివరి ప్రకటనలు మొదలవగానే విసుక్కుని లేచిపోతుంది. తియ్యవే తల్లీ, తియ్యి.

ఒక్క ఫోను కాల్. అంతా ఆ కాల్‌తో మొదలైంది. ఆఫీసులో ఆమె చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్‌లోకి ఊరందరి ఇళ్ళూ కారుతుంటాయి. కుళాయి ఆగడం లేదండీ, ఏసీ లోంచి మంచం మీద నీళ్ళు పడుతున్నాయండీ, ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావట్లేదండీ, సింకులో నీళ్ళు పోవట్లేదు, మీ మనిషి వస్తానని రాలేదు, నిన్న వచ్చినవాడు ఇంకోటి పాడుచేసి పోయాడు. ఆమె ప్రతివాళ్ళతోనూ ఒకే గొంతుతో మాట్లాడుతుంది. ఏ రోగానికి ఏం చెప్పాలో ఆమెకు నిద్రలో లేపినా వచ్చు. ఇవాళ ఎవరో ఆడమనిషి, చిన్న వయసు గొంతు, వెనకాల పసిబిడ్డ ఏడుపు. "కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందండీ. పెద్దగా ఏం కాదు, సన్నగా. గీజరు వేసినప్పుడే. చెప్పులేసుకుంటే మటుకు ఏం లేదు." ఆమె వెంటనే అందుకుంది, "మేడమ్, అది చిన్న విషయం కాదు, గీజరు లోపల కరెంటు నీళ్ళలోకి దిగుతోంది. చెప్పులు అడ్డం ఉన్నాయి కాబట్టి మీకు తెలియట్లేదు. ముందు మెయిన్ తీసెయ్యండి, మా మనిషి వచ్చేదాకా ఎవరినీ బాత్‌రూమ్‌లోకి…" అని, అక్కడ ఆగిపోయింది. అవతల "హలో, హలో" అంటున్నారు. చెప్పులేసుకుంటే. చెప్పులేసుకుంటే ఏం లేదు. ఆ మాట ఎక్కడ విన్నాను? కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే చల్లబడిపోయింది.

ఎక్కడేమిటి, ఇంట్లోనే. వానలు వెళ్ళిన కొత్తల్లో. అందరూ భోజనాలకు కూర్చుని ఉన్నారు. అత్తగారు ఉన్నట్టుండి, ఏదో గొప్ప సంగతి కనిపెట్టిన దానిలా, "చెప్పులేసుకుంటే చేతులు తిమ్మిరెక్కవు, తెలుసా?" అంది. ఆమె భర్త ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "అయితే చేతులకి గ్లవుజులేసుకుంటే మోకాళ్ళ నొప్పులు కూడా పోతాయేమో చూడమ్మా" అన్నాడు. నవ్వలేక చచ్చారు ఇద్దరూ. అత్తగారు కూడా నవ్వింది, "పోరా వెధవా, అనుభవం మీద చెబుతున్నా" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో అదొక సామెతైపోయింది. తలనొప్పా, చెప్పులేసుకో. ఆఫీసులో పై అధికారి తిట్టాడా, చెప్పులేసుకుని ఉండాల్సింది. ఎన్నిసార్లు నవ్వారు, ఎంతగా నవ్వారు. ఆ పెద్దావిడ మటుకు ఎవరు నవ్వినా మానకుండా, అరిగిపోయిన ఆ నీలం రబ్బరు చెప్పులు వేసుకునే స్నానానికి వెళ్ళేది. నేల చల్లదనం చేతుల్లోకి పాకుతోందని ఆవిడ లెక్క. ఆవిడ లెక్కలో తప్పు ఒక్కటే, చల్లదనం అనుకుంది. మిగతాదంతా కరెక్టే. కాళ్ళూ కరెక్టే, చేతులూ కరెక్టే, చెప్పులూ కరెక్టే. ఆఫీసులో కూర్చుని ఊరికంతటికీ సమాధానాలు చెప్పే మనిషి, సొంత అత్తగారు అన్నం ముందు కూర్చుని కంప్లైంటు ఇస్తే తీసుకోలేకపోయింది.

తనకు మాత్రం తెలియదూ? ఆమె కుడి చేతి మణికట్టుకు చుట్టిన పట్టీ వైపు చూసుకుంది. పొద్దున్న మొహం కడుక్కునేటప్పుడు వేళ్ళు జివ్వుమంటుంటే, రోజంతా కంప్యూటరు ముందు కూర్చుంటే ఇంతే అని తనే తీర్మానించుకుని ఈ పట్టీ కట్టుకుంది. అత్తగారు నేల చల్లదనం అనుకుంది. అతను ఏమనుకున్నాడో, అతనికీ ఉండే ఉంటుంది, గడ్డం గీసుకునేటప్పుడు కుళాయిని మోచేత్తో తిప్పడం ఒకసారి చూసింది. మోచేత్తో! అప్పుడు అడగాలి కదా, ఏమండీ చేతులుండగా మోచెయ్యేమిటని. అడగలేదు. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒకటే కుళాయి, ముగ్గురికీ ఒకటే జబ్బు, ఎవరి జబ్బు వాళ్ళ ఒంట్లోనే ఉందనుకుని ఎవరి మందు వాళ్ళు వేసుకున్నారు. ఒకరికి పట్టీ, ఒకరికి మోచెయ్యి, ఒకరికి చెప్పులు. ఆమె పట్టీ విప్పి కిటికీలోంచి విసిరేసింది. పక్క సీటావిడ ఫోను మీంచి తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ సీరియల్లో పడింది.

చెప్పులు. ఆ చెప్పులు ఇప్పుడెక్కడున్నాయి? చెత్త బండిలో ఉన్నాయి. పొద్దున తనే వేసింది. నెలల తరబడి చెప్పి చూసింది, అత్తయ్యా అవి నాచు పట్టాయి, జారి పడతారు, తుంటి ఎముక విరిగితే ఎవరు చేస్తారు అని. వినదు. ఇవాళ బాత్‌రూమ్ గచ్చంతా బ్రష్షు పెట్టి తోమి, తెల్లగా మెరిసేలా కడిగి, ఆ ఊపులోనే చెప్పులు తీసి బండివాడికిచ్చేసింది. కొత్తవి తెచ్చి పెట్టింది, మెత్తటివి, బట్టతో కుట్టినవి, మోకాళ్ళకు మంచివని కొట్టువాడు చెప్పాడు. అత్తగారు వాటిని వేసుకుని రెండడుగులు వేసి, "పిల్లి నడిచినట్టుందే" అని మురిసిపోయింది. తర్వాత, "మరి స్నానానికో?" అంది. అప్పుడు తనేమంది? ఆ మాట ఇప్పుడు బస్సు ఇంజను రొదలో కూడా అక్షరం అక్షరం వినపడుతోంది. "స్నానానికి చెప్పులెందుకత్తయ్యా, అద్దంలా కడిగాను. ఇవి తడిస్తే పాడైపోతాయి, గుమ్మం బయటే విప్పేసి వెళ్ళండి." సరేనంది అత్తగారు. ఆవిడకు చెబితే చెప్పినట్టు చేసే అలవాటు ఎప్పుడూ లేదు. కానీ ఈ మధ్యే వస్తోంది. ఈ మధ్యే, కోడలు చెప్పిందంటే ఏదో ఉంటుంది అనడం మొదలుపెట్టింది. విప్పే వెళుతుంది. గుమ్మం బయట కొత్త చెప్పులు రెండూ పక్కపక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో, తడి గచ్చు మీద.

బస్సు కదిలింది. రెండు బారలు పోయి ఆగింది. ప్రాణం ఉసూరుమంది.

నిన్నటిదాకా ఇంత భయపడాల్సిన పని లేదు. నిన్నటిదాకా ఆ గీజరుకో కాపలా ఉంది. హాల్లో తలుపు వెనకాల కరెంటు పెట్టెలో ఒక స్విచ్చి, కరెంటు ఎక్కడైనా దారి తప్పి కారుతుంటే తనంతట తను టక్కున పడిపోయేది. అది పడిపోయేది కూడా. రెండు నెలలుగా రోజూ పడుతూనే ఉంది, సరిగ్గా అత్తగారి తల మీద సబ్బు ఉన్నప్పుడు. దీపం పోయేది, నీళ్ళు చల్లబడేవి, లోపల్నుంచి పెద్ద కేక వచ్చేది, "సబ్బూ! తల నిండా సబ్బే! ఎవరే అది కరెంటు తీసిందీ!" ఆవిడకు వినపడదు కనుక లోకంలో ఎవరికీ వినపడదని ఆవిడ నమ్మకం. ఆ కేక బాత్‌రూమ్ కిటికీలోంచి పైపులు దిగే సందులోకి పోయి మేడ మొత్తం వినపడేది. కింద అంతస్తుల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ కేక వింటే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. ఆదివారాలు అదే పని, కేక వినడం, పరుగెత్తడం, స్విచ్చి ఎత్తడం. దాన్ని ఆపాలని అతని వెంట పడింది ఎవరు? తనే. "ఏమండీ, ఆ పెట్టె సంగతి చూడండి, పరువు పోతోంది" అని. మా ఆఫీసు వాళ్ళని పిలుస్తానని కూడా అంది. "ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాళ్ళెందుకు?" అన్నాడతను. బ్యాంకులో కాగితాల ఉద్యోగం. కానీ ఇంట్లో ఏదైనా పాడైతే కళ్ళు మెరుస్తాయి. డ్రిల్లు మిషను కొన్నాడు, దాంతో గోడకు చిల్లులు పెట్టి వాటి మీద క్యాలెండర్లు వేలాడదీశాడు. మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాడు, వానల్లో వీధి మునిగితే పనికొస్తాయని, ఆ ఏడు వానలే సరిగ్గా పడలేదు. టెస్టరు కూడా కొన్నాడు, జేబులో పెన్నులా పెట్టుకుంటాడు, దాన్ని ఒక్కసారి ఆ కుళాయికి ఆనించి ఉంటే చిన్న ఎర్ర దీపం వెలిగి అంతా చెప్పేసేది. ఆనించలేదు. నిన్న సాయంత్రం పెట్టె విప్పి, ఆ పడిపోయే స్విచ్చిలోంచి వైర్లు పీకి నేరుగా కలిపేసి, చేతులు దులుపుకుని హాల్లోకొచ్చాడు. "ఇంక జన్మలో పడదు, రాసిపెట్టుకో" అన్నాడు. అత్తగారు, "నా తండ్రే" అని కొడుకు బుగ్గ నిమిరింది. తను కాఫీ పెట్టింది. అందరూ ఎంత సంతోషించారో! నోరున్నది ఆ ఇంట్లో ఆ స్విచ్చికొక్కదానికే. దాని నోరు కట్టేశారు.

"మీరు కూడా చూస్తారా అండీ ఈ సీరియలు?" అంది పక్క సీటావిడ, ఒక చెవిలోంచి తీగ లాగి.

"ఎంతసేపుందండీ ఇంకా?"

"అయిపోవచ్చిందండీ. ఈ ప్రకటనలయ్యాక ఒక్క ముక్క. తలుపు తీసేట్టే ఉంది ఇవాళ." ఆవిడ ఆమె మొహం చూసి కాస్త జరిగింది. "ఏమండీ, ఒంట్లో బాగోలేదా? నీళ్ళు తాగుతారా?"

నీళ్ళు అనే మాట వింటేనే ఒళ్ళు జలదరించింది. వద్దని తలూపింది. ఇంకెవరికి చెయ్యను? వాచ్‌మన్‌కు ఫోను లేదు, పోయింది. కిందింటావిడకు చేస్తే అర నిమిషంలో పైకెళ్ళి తలుపు బాదేస్తుంది, కానీ ఆవిడ తన నంబరు బ్లాక్ చేసేసింది. ఎండాకాలంలో, ఏసీ లోంచి కారే నీళ్ళ పైపు జారిపోయి ఆవిడ బాల్కనీలో ఆరేసిన బట్టల మీద చుక్కచుక్క పడుతోందని మూడుసార్లు చెప్పింది. చేయిస్తాం చేయిస్తాం అన్నారు. ఇంట్లో ఇంజనీరు ఉన్నాడుగా. ఆదివారం వస్తే కదా అతనికి తీరిక. నాలుగోసారి ఆవిడ మాట్లాడలేదు, నంబరు బ్లాక్ చేసింది, మెట్ల మీద ఎదురైతే గోడకేసి చూస్తూ పోతుంది. ఒక్క గుప్పెడు తాడుతో పైపు కట్టి ఉంటే ఇవాళ ఒక ప్రాణం కోసం చేసే పిలుపు అందేది. ఇంటికి చేసే ప్రతి అశ్రద్ధా ఎక్కడో ఓ మూల ఇంకో అశ్రద్ధను కలుసుకుని చేతులు కలుపుతుందా? అయినా ఒకసారి చేసింది. "మీరు ప్రయత్నిస్తున్న నంబరు" అంది ఆ రికార్డు గొంతు, అచ్చం ఆఫీసులో తన గొంతులాగే, తియ్యగా, ఎవరు చస్తే నాకేం అన్నట్టుగా.

అప్పుడు అతని ఫోను వచ్చింది. ఇందాకటి నుంచి చేస్తుంటే ఎత్తని మనిషి.

"మీటింగులో ఉన్నానే. ఇన్ని మిస్‌డ్ కాల్సేంటి? ఏమైంది?"

"నిన్న ఆ స్విచ్చికి ఏం చేశారు?"

"బాగు చేశాగా. ఏం, మళ్ళీ పడిందా?"

"పడలేదు. అదే నా భయం."

"పడకపోతే భయమేంటే?"

"అత్తయ్య చెప్పులు పారేశానండీ. నీలం చెప్పులు. పొద్దున పారేశాను. ఉత్తకాళ్ళతో స్నానానికి వెళతారు."

జోకు వేస్తాడని ఒక్క క్షణం అనుకుంది, వెయ్యాలని కోరుకుంది కూడా. అతను మెల్లగా, తనలో తను అనుకున్నట్టు, "చెప్పులేసుకుంటే…" అని ఆగిపోయాడు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినపడింది. "ఎక్కడున్నావ్?"

"బస్సులో. దగ్గర్లోనే. కదలట్లేదు."

"దిగు. దిగి పరుగెత్తు. విను, పైకి వెళ్ళకు. అమ్మ లోపల గడియ పెట్టుకుంటుంది, తలుపు బాదినా వినపడదు. కింద మీటర్ల గదిలో మెయిన్ తియ్యి. ముందు మెయిన్. ఒకవేళ…" అతను ఊపిరి తీసుకున్నాడు. "ఒకవేళ ఏమైనా, మెయిన్ తియ్యకుండా అమ్మని ముట్టుకోకు. వింటున్నావా? ముట్టుకోకు."

సీరియల్లో తలుపు గడియ మీద చెయ్యి పడింది. గాజులు కదిలాయి. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది, తెర మీద ఒక మొహం తర్వాత ఇంకో మొహం, ఇంకో మొహం, మెరుపులు. తియ్యలేదు. ఇవాళా తియ్యలేదు. పక్క సీటావిడ "ఛీ" అంటూ ఫోను కట్టేసింది. ఇంట్లో ఒక పెద్దావిడ కూడా ఛీ అని టీవీ కట్టేసింది.

కండక్టరు ఏదో అంటున్నాడు, స్టాపు కాదమ్మా అంటున్నాడు, ఆమె అప్పటికే దూకేసింది. తవ్విన మట్టి, పైపులు, పైపుల పక్కన బురద. కుడి చెప్పు బురదలో ఇరుక్కుని వారు తెగింది. ఎడమది తనే విదిలించేసింది. ఇప్పుడు కుర్చీ వెనక్కి జరిపి ఉంటుంది. రోడ్డు దాటింది, ఎవడో బ్రేకు వేసి తిట్టాడు, తిట్టు చెవిలోకి దిగలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద చేతులానించి ఉంటుంది. లేవండి, మెల్లగా లేవండి అత్తయ్యా, మీ మోకాళ్ళు ఇవాళ ఎంత నొప్పి పెడితే అంత మంచిది. మందుల కొట్టు, కుట్టు మిషన్ల కొట్టు, తాళాలు చేసేవాడు. రోజూ ఈ దారినే కదా నడిచేది, ఇంత పొడుగు ఎప్పుడయింది? ఇప్పుడు తువ్వాలు. తువ్వాలు పొద్దున ఉతకడానికి వేశాను, దండెం మీద లేదు, వెతుక్కుంటుంది, బీరువా తియ్యాలి, బీరువా తాళం బిగుసుకుపోయింది, అదీ బాగు చేయించలేదు, దేవుడి దయ, బాగు చేయించలేదు. గాజు పెంకో రాయో అరికాల్లో దిగింది. నొప్పి తర్వాత వస్తుందిలే. గుమ్మం. ఇప్పుడు గుమ్మం. కొత్త చెప్పులు విప్పుతుంది. ఎడమది, కుడిది. మేడ గేటు కనపడింది. ఇప్పుడు స్విచ్చి. ఎర్ర దీపం. ఇప్పుడు కుళాయి.

మీటర్ల గది తలుపు తోసింది. గోడ నిండా వరసగా మెయిన్లు, మొన్న వేసిన సున్నం కింద ఇంటి నంబర్లన్నీ మునిగిపోయాయి. ఏది మనది? రెండో వరసా? మూడోదా? ఆలోచించడానికి వేళ లేదు. మొదటి పిడి పట్టి కిందికి గుంజింది. తర్వాతది. తర్వాతది. ప్రతి పిడీ పడుతుంటే పైన ఎక్కడో ఒక ఇల్లు ఆగిపోతోంది, ఒక ఏసీ, ఒక మిక్సీ, ఒక టీవీ. చివరిది గుంజేసరికి మేడంతా నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళుగా ఈ మేడ ఇంత రొద చేస్తుందని ఆమెకు తెలియనే తెలియదు.

గది పక్కనే సందు, అన్ని ఇళ్ళ పైపులూ దిగే సందు. ఆమె అక్కడికి పోయి మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. మూడో అంతస్తులో చిన్న కిటికీ. ఏ శబ్దమూ లేదు. ఒక పైపులోంచి నీళ్ళు జారుతున్న చప్పుడు మాత్రం ఉంది. నీళ్ళు జారుతున్నాయంటే కుళాయి తిప్పి ఉంది. తిప్పిన చెయ్యి ఎలా ఉంది?

"ఎవరండీ మెయిన్ తీసిందీ?" కిందింటావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఆమెను చూడగానే మొహం మాడ్చింది. "ఓహో మీరా! మీ ఏసీ నీళ్ళు చాలక ఇప్పుడు మా కరెంటు మీద కూడా పడ్డారా?"

"అరవకండి." ఆమె పైకే చూస్తోంది. "మీకు దణ్ణం పెడతా, ఒక్క క్షణం మాట్లాడకండి. మా అత్తగారి కేక వినపడాలి. మా గీజరు నీళ్ళలో కరెంటు వస్తోంది. ఆవిడ లోపలున్నారు."

వాచ్‌మన్ వచ్చి ఇదేంటన్నట్టు మీటర్ల గదిలోకి పోబోతుంటే, కిందింటావిడ గరిటె అడ్డం పెట్టి, "ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అంది గుసగుసగా. ఇద్దరాడవాళ్ళూ పక్కపక్కన నిలబడి పైకి చూశారు. నీళ్ళు జారుతున్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. అరవండత్తయ్యా. తిట్టండి. ఎవరే అది అనండి, నన్నే, నేనే తీశాను, మేడ మొత్తం వినేలా తిట్టండి, పరువు పోనివ్వండి. సబ్బు రాసుకోలేదా ఇంకా? రాసుకోవడానికి చెయ్యి లేవలేదా? నీళ్ళు చల్లబడి ఎంతసేపైంది? కిందింటావిడ గరిటె కింద పడేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "పెద్దమ్మగారూ!" అని సందులోకి అరిచింది. ఆ అరుపు గోడలకు తగులుతూ పైకి పోయి ఎక్కడో ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడు ఆగింది. ఎవరో కుళాయి కట్టినట్టు ఆగింది.

"సబ్బూ! తల నిండా సబ్బే! వాడు జన్మలో పడదన్నాడు, ఒక్కరోజైనా నిలవలేదు! ఎవరే అది!"

ఆమె అక్కడే, పైపుల మీద తల ఆనించి, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. కిందింటావిడ ఆమె వీపు మీద ఒక్కటి వేసి, "ఇంకా ఇక్కడేంటి, పైకి పదండి, ఇది నేను కాస్తాను" అని మీటర్ల గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మూడంతస్తులూ ఎలా ఎక్కిందో తెలియదు. తలుపు బాదింది. బాదుతూనే ఉంది. చాలాసేపటికి లోపల గడియ తీసిన చప్పుడు, దానికి ముందు ఇంకేదో చప్పుడు, పచక్ పచక్ మని. తలుపు తెరుచుకుంది. అత్తగారు తడి చీర చుట్టబెట్టుకుని, తల మీద సబ్బు నురగ తెల్లటి టోపీలా పెట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళకు మోకాళ్ళదాకా కొడుకు రబ్బరు బూట్లు. వాటి నిండా నీళ్ళు, అడుగు వేస్తే పైనుంచి చిందుతున్నాయి.

"నువ్వా? ఇప్పుడొచ్చావేంటే?" అంది అత్తగారు, కళ్ళలో సబ్బు తుడుచుకుంటూ. తన కాళ్ళ వైపు చూస్తున్న కోడల్ని చూసి కాస్త సిగ్గుపడింది. "నీ కొత్తవి తడపకూడదన్నావు. ఉత్త కాళ్ళతో పోతే చేతులు ఊరుకోవు. ఏం చెయ్యను మరి? వాడు ఎలాగూ వేసుకోడు కదా."

ఆమె లోపలికి పోయి పొడి గుడ్డ చేతికి చుట్టుకుని గీజరు స్విచ్చి కట్టేసింది. కట్టేసి, కట్టిందో లేదో మళ్ళీ చూసి, మళ్ళీ చూసి, వెనక్కి వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళు, కణుపులు, అరచేతులు ఒక్కొక్కటీ తడిమింది. వెచ్చగా ఉన్నాయి. ఆ చేతులు నిలకడగానే ఉన్నాయి. వణుకుతున్నవి తనవే, గడగడలాడిపోతున్నాయి, ఆపుదామంటే ఆగడం లేదు.

అత్తగారు ఆ వణికే చేతుల్ని చూసింది. తర్వాత కిందికి చూసింది, బురదా రక్తమూ కలిసిన ఉత్త కాళ్ళ వైపు, గుమ్మం నుంచి అక్కడిదాకా పడిన అడుగుల వైపు.

"చెప్పులేవే?" అంది. "నేను చెబితే నవ్వారుగా అందరూ. చూడు చేతులెలా అయ్యాయో."